ఎడమ అంచు

సావిత్రి మనసులో ఇరవై మూడేళ్లుగా ఒక సందేహం ఉంది. పొద్దున దేవుడి ముందు దీపం వెలిగించి, ఇంట్లోవాళ్ల పేర్లన్నీ చెప్పుకుని, కళ్లు తెరవబోయే ముందు అది వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఆ మందు మొట్టమొదట ఎవరు తీసుకుని ఉంటారు?

కావ్యకు అయిదేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. ఫిట్స్ మీద ఫిట్స్. పెద్ద దవాఖానలో పిల్లను తూకం వేయిస్తే పద్నాలుగు కిలోలు తూగింది. చిన్న వయసు నర్సు ఒకామె సూదిలోకి మందు లాగి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక సన్నటి గీత దగ్గర ఆపింది. గీత దాటితే ప్రమాదమనీ, గీతకు తక్కువైతే పని చేయదనీ చెప్పింది. అంత సన్నటి గీత ఎక్కడ గీయాలో ఎవరికెట్లా తెలిసిందని సావిత్రి అడిగింది.

"మనకంటె ముందు ఎవరి పిల్లకో ఇచ్చి చూసుంటరక్కా," అంది నర్సు. "గా పిల్లతోని తెల్సింది."

కావ్య బతికింది. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతోంది, ఇద్దరు పిల్లల తల్లి. మరి ఆ మొదటి పిల్ల? గుడిలో అయ్యగారిని ఒకసారి అడిగితే అంతా స్వామి లీల అన్నాడు. సావిత్రి తల వంచి తీర్థం పుచ్చుకుంది. ఆయన చెప్పింది తప్పని కాదు. కాని తను అడిగింది లీల గురించి కాదు, ఒక పిల్ల గురించి. అప్పటినుంచి ఇంట్లోవాళ్ల పేర్లు అయ్యాక, ఆ పిల్లను కూడా చల్లగా చూడు స్వామీ అనుకోవడం అలవాటైంది. పేరూ గోత్రమూ లేని దండం చేరుతుందో లేదో ఆమెకు తెలియదు.

పోయిన వారం మనం ఈ సావిత్రిని కొత్తవాడలోని సొంతింట్లో, మగ్గం గదిలో, చేయి ఒకచోట ఆగిపోయిన మనిషిగా వదిలి వచ్చాం. ఆ చేయి ఎక్కడ ఆగిందో చెప్పేముందు, మొన్నటి దాకా జరిగింది నాలుగు మాటల్లో తలుచుకుందాం.

ఆమె భర్త వెంకట్రాజం నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్నాడు. కడుపులో పుట్టిన పుండు కాన్సరై కాలేయానికి పాకింది. మామూలుగా ఇచ్చే మందులన్నీ అయిపోయాయి. అప్పుడు హనుమకొండలో డాక్టర్ సుకన్య చేస్తున్న కొత్త మందు ట్రయల్‌లో చేర్చుకున్నారు. పాత మందు సెలైన్‌లో ఎక్కిస్తారు, దానితో కలిపి కొత్త మాత్ర మింగిస్తారు. సంతకానికి ముందే డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది: ఈ రెండూ కలిపి ఎంత ఇస్తే మనిషి తట్టుకుంటాడో తెలుసుకోవడానికే ఈ పరీక్ష, జబ్బు తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను. ఒక్కో డోసు ఒక్కో మెట్టు. మెట్టుకు ముగ్గురు. ఇరవై ఎనిమిది రోజులు ముగ్గురికీ పెద్ద ఇబ్బంది రాకపోతే, తర్వాతి ముగ్గురికి ఇంకొంచెం ఎక్కువ డోసు. రెండో మెట్టు మీద ఇద్దరు క్షేమంగా గట్టెక్కారు. మూడోవాడు వెంకట్రాజం. అతడి ఇరవై ఎనిమిదో రోజు ఇవాళే.

ఒంట్లో ఎలా ఉందో రోజూ రాయమని ఇచ్చిన నోటుపుస్తకాన్ని ఈ పూట దవాఖానలో అప్పజెప్పాలి. పుస్తకంలో అన్ని రోజులకూ ఒకటే మాట. బాగుంది. బాగుంది. బాగుంది. రాసింది సావిత్రి. ప్రతి పేజీ నెత్తిన శ్రీరామ అని రాసి మరీ రాసింది.

ఇక ఆ చేయి సంగతి. పొద్దున్నే నూలు చుట్టిన కండెలు అందిద్దామని వెళ్లిన సావిత్రి, మగ్గం మీది జంపఖానా ఎడమ అంచు మీద అలవాటుగా చేయి వేసింది. అంచు నిలువుగా లేదు. ఒకచోట లోపలికి గుంజుకుపోయి, ఇంకోచోట వదులై, వాగు ఒడ్డులా వంకరలు పోయింది. వెంకట్రాజం అంచు అంటే కొత్తవాడలో బద్ద పెట్టి గీసినట్టుంటుందని పేరు. అడ్డంగా పోయే పేక పోగు అంచు దగ్గర మలుపు తిరిగేటప్పుడు ఎంత లాగాలో కన్ను చెప్పదు. వేలు చెప్పాలి.

"ఏందయ్యా ఇది?"

వెంకట్రాజం మగ్గం వెనక నుంచి తల ఎత్తకుండానే, ముసురు పట్టింది కదా, పడుగు తేమ గుంజిందని అన్నాడు. సావిత్రి ఒప్పుకోలేదు. ముప్పై వానాకాలాలు ఈ మగ్గం పక్కనే కూర్చుని కండెలు చుట్టినదాన్నని, ఏ ముసురులోనూ ఈ అంచు వంకర తిరగలేదని అంది. అయితే నూలు మంచిది కాదన్నాడు. నూలు తనే తెచ్చిందని గుర్తు చేసింది. అయితే కళ్లద్దాలు మార్చాలన్నాడు.

అతడు సాకులు వెతుక్కుంటుంటే సావిత్రికి ఈ నెలలోవన్నీ ఒకటొకటే కళ్లముందుకు వచ్చాయి. గుండీల అంగీ వేసుకోవడం ఎప్పుడు మానేశాడు? పది రోజులైంది. తల మీదుగా తొడుక్కునే బనీను మీదే తిరుగుతున్నాడు, ఉక్కపోత అంటాడు. ముసురులో ఉక్కపోత ఏమిటి? చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. ఇక ఈ నోటుపుస్తకం. మొదటి వారం తనే రాసుకున్నాడు. ఎనిమిదో రోజున పెన్ను ఆమె చేతిలో పెట్టి, నీ అక్షరాలు ముత్యాల్లెక్క ఉంటయి, దవాఖానవాళ్లు చూస్తే ముచ్చటపడాలె అన్నాడు. కావాలంటే పుస్తకం చూడవచ్చు, ఆ మొదటి వారం పైన కూడా మళ్లీ ఆమె చేత దిద్దించాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె అక్షరాల గురించి ఆయన ఒక్కమాట అనలేదు. పొగడ్త అని నమ్మి, ఆ రోజు పాయసం కూడా చేసి పెట్టింది. అది తలుచుకుంటే ఆమెకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"ఇటు రా. నా ముందట కూసో."

వచ్చి కూర్చున్నాడు. చేతులు చాపమంది. చాపాడు. కళ్లు మూసుకోమంది. చిన్నపిల్లల ఆటలేంది పొద్దుగాల పొద్దుగాల అని గొణుగుతూనే మూసుకున్నాడు.

"చేతుల ఏం పెట్టిన్నో చెప్పు."

ఆమె ఏమీ పెట్టలేదు. అతడి పది వేళ్ల కొసలనూ తన గుప్పిళ్లలో పట్టుకుని, గట్టిగా, చాలా గట్టిగా ఒత్తింది.

అతడి నుదురు ముడిపడింది.

"ఏం పెట్టకపోతివి ఇంక," అన్నాడు. "పెట్టు, చెప్త."

సావిత్రి వదల్లేదు. ఆమె కళ్ల నుంచి జారిన నీటిచుక్క అతడి మణికట్టు మీద పడ్డాక గాని అతడు కళ్లు తెరవలేదు. అక్కడ మాత్రం తెలిసింది. తెరిచి చూస్తే తన వేళ్లు ఆమె గుప్పిళ్లలో ఉన్నాయి.

ఆ తర్వాత చెప్పాడు. ఎనిమిదో రోజు పొద్దున చీమలు పాకినట్టు మొదలైందట. పన్నెండో రోజుకు వేళ్ల కొసలు మొద్దుబారాయి. ఇప్పుడు పోగు పట్టుకుంటే పట్టుకున్నట్టు కన్ను చూసి చెప్పాలి. అరికాళ్లూ అంతే, చెప్పు జారిపోయినా తెలియదు. చెబుతున్నంతసేపూ అతడి మొహంలో నొప్పి లేదు. తప్పు చేసి దొరికిపోయినవాడి సిగ్గు ఉంది.

"ఎందుకు చెప్పలే?"

ఆ ఎందుకు అన్నదానికి జవాబు కొత్తవాడలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర లేదు. మగ్గం పని పట్టిన మొదటిరోజున పెద్దలు నేర్పే మొదటి సంగతి అదే. నూలు ఇచ్చే సేటు వచ్చి చేతులెట్లున్నయని అడుగుతాడు. మంచిగనే ఉన్నయి అనాలి. వేలు తెగినా, భుజం పట్టినా మంచిగనే ఉన్నయి అనాలి. బాగాలేవన్న మాట నోటినుంచి వచ్చిందా, నీ వాకిట్లో దిగాల్సిన నూలు కట్టలు పక్క మగ్గానికి పోతాయి. సేటు చెడ్డవాడని కాదు, అతడి పనికి అంచులు నిలువుగా రావాలి. వెంకట్రాజం తండ్రి చివరి మూడేళ్లూ చేతులు వణుకుతూనే మంచిగనే ఉన్నయి అని చెప్పి, చీకటితోనే లేచి కొడుకు చేత నేయించాడు.

"మందు మస్తు పని చేస్తాంది సావిత్రీ," అన్నాడు వెంకట్రాజం. గొంతు బాగా తగ్గించాడు, పక్కింట్లో ఎవరైనా వింటారేమో అన్నట్టు. "రెండు రొట్టెలు తింటాన్న. కడుపుల మంట లేదు. చేతులు బాగలెవ్వని చెప్తే, నా మందు ఇంకోలకు పోతది."

సావిత్రి లేచి దేవుడి గదిలోకి వెళ్లింది. దీపం ఇంకా వెలుగుతోంది. దండం పెట్టుకుందామని చేతులు జోడించింది కాని ఏమని అడగాలో తోచలేదు.

నిజమే, అతడు రెండు రొట్టెలు తింటున్నాడు. రెండు నెలల కింద గంజి కూడా నిలిచేది కాదు. చేతులదేముంది, మొద్దుబారితే బారాయి, మనిషి ఉంటే చాలు. తను కండెలు చుట్టినట్టే అన్నమూ కలిపి పెడుతుంది, గుండీలూ పెడుతుంది. ఈ పుస్తకం ఇలాగే అప్పజెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది? స్వామీ, ఆ అంచు మీద నా చేయి ఎందుకు వేయించావు? చెప్పమనా, చూసి ఊరుకొమ్మనా? దేవుడు ఆ రెంటిలో ఏదీ తేల్చి చెప్పలేదు. ఆమె కూడా ఆయన చెబుతాడని అనుకోలేదు. అడగడం తన పని, అంతే.

ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పుకుంది. అలవాటు ప్రకారం ఆఖరున ఆ పిల్ల వచ్చింది. పేరు లేని పిల్ల.

అప్పుడు మాత్రం సావిత్రికి ఇన్నేళ్లలో రాని ఆలోచన ఒకటి వచ్చింది. ఆ పిల్లకూ ఒక తల్లి ఉండి ఉంటుంది. ఆమెను కూడా ఎవరో నర్సు అడిగే ఉంటుంది, మందు వేశాక ఎట్లున్నదమ్మా అని. ఆ తల్లి భయపడి, ఉన్న వైద్యం కాస్తా పోతుందని, బాగుంది అని చెప్పి ఉంటే? ఆ సూది మీద గీత ఇంకెక్కడో పడేది. పద్నాలుగు కిలోల కావ్యకు ఆ గీత దాకా మందు ఎక్కేది.

రేపు మూడో మెట్టు ఎక్కేది ఎవరు? ఉప్పలయ్య.

ఉప్పలయ్యది నెక్కొండ దగ్గర పల్లె. మూడెకరాల మక్కచేను. అతడికీ ఇదే రకం జబ్బు. మెట్టు తెరిచే వరకు ఆగమంటే, ప్రతి వారం పొద్దున్నే రైలెక్కి వచ్చి రక్తపరీక్ష చేయించుకుని, సెలైన్ ఎక్కుతున్న వెంకట్రాజం పక్కన కూర్చుంటాడు. ఉడకబెట్టిన పల్లికాయ సంచి లేకుండా ఎప్పుడూ రాలేదు. మనది ముగ్గురేసి ఎక్కే ఆటో అన్నా, నువ్వు దిగితే గాని నాకు సీటు లేదు అంటాడు. మొన్న సంతకం పెట్టేముందు కాగితాలన్నీ పక్కకు నెట్టి వెంకట్రాజాన్నే అడిగాడు, నీకు మంచిగున్నదా అని. మంచిగనే ఉన్నది తమ్మీ అన్నాక పెట్టాడు.

సావిత్రి బయటికి వచ్చింది. వెంకట్రాజం కూర్చున్నచోటే ఉన్నాడు. ఆమె నోటుపుస్తకం అతడి ఒళ్లో పెట్టింది.

"రాసిన చెయ్యి నాది. శ్రీరామ అని పైన పెట్టి కింద గిదంత రాసిన. నా రాత నేను కొట్టేస్త," అంది. "చేతులు నీయి. వాటి సంగతి నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

"మందు ఆపితే?"

ఆమె మగ్గం వైపు తిరిగింది. జంపఖానా ఇంకా ఎంత ఉందని అడిగింది. జానెడు ఉందన్నాడు. ఉన్నకాడికి కోసెయ్యమంది.

ఆ జంపఖానా ఎవరిదో ఈ కథ వెంట వస్తున్నవాళ్లకు తెలుసు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెబుతున్నాను. కావ్య దవాఖానలో ఉన్నప్పుడు వీళ్లు ఉరుకులు పరుగుల మీద ఒట్టి చేతులతో పోయారు. వార్డులో మంచం దొరకలేదు. చలికాలం, చల్లని బండలు. సూది వేసిన ఆ నర్సే తన హాస్టల్ మంచం మీది జంపఖానా తెచ్చి పరిచింది. ఇంటికి పంపిన రోజున పిల్లను దాంట్లోనే చుట్టుకుని వచ్చేశారు. తిరిగి ఇద్దామని వెంకట్రాజం వెళితే, ఆ నర్సుకు వేరే ఊరు బదిలీ అయిందన్నారు. వాడినది ఏం ఇస్తాం, కనబడిన రోజున కొత్తది, మంచిది నేసి ఇద్దాం అనుకున్నారు. పాతది చినిగి పోగులైంది. కొత్తవాడ నేతగాడు ఒకరికి జంపఖానా బాకీ ఉన్నాడంటే నలుగురూ నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు కూడా. ఈ ట్రయల్‌లో చేరిన మొదటిరోజున, మాత్రలు లెక్కపెట్టి ఇస్తున్న సీనియర్ నర్సు మరియమ్మను చూడగానే సావిత్రి పోల్చుకుంది. మరియమ్మ పోల్చుకోలేదు. అప్పుడే చెబుదామంటే వెంకట్రాజం ఆపాడు. నేసినంక ఒట్టి చేతులతోని కాకుంట పోదాం అన్నాడు. ఈ నెలంతా రోజుకు గంటా రెండు గంటలు నేసింది దాన్నే.

కత్తెర అతడి చేతిలో నిలవలేదు. సావిత్రే కోసింది. కుచ్చులు ముడేస్తూ కూర్చుంది. దారపు కొసలు ముడిపడుతుంటే వెంకట్రాజం ఆమె వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

ఇద్దరూ ఆటోలో హనుమకొండకు బయలుదేరారు. మట్టెవాడ దాటాక వాన పెరిగింది. జంపఖానా తడవకుండా ఆమె కొంగు కప్పింది. అతడు చెబుతాడో లేదో ఆమెకు తెలియదు. అడగలేదు. ముప్పై ఏళ్లలో ఆమె ఎట్లున్నది అని ఎన్నిసార్లు అడిగిందో అన్నిసార్లూ మంచిగనే ఉన్నది అనే వచ్చింది. ఆ మాట తప్ప ఇంకొకటి ఆ నోటికి వచ్చునో రాదో.

దవాఖాన హాల్లో ఉప్పలయ్య ముందే వచ్చి ఉన్నాడు. రేపటి కోసం కొత్త తువ్వాల, కొత్త చెప్పులు. పల్లికాయ సంచి ముడి విప్పి వెంకట్రాజం ముందు పెట్టి, దిగిపోతానవా అన్నా, నా సీటు తుడిచి ఉంచినవా లేదా అన్నాడు. మరియమ్మ బల్ల వెనక నుంచి నవ్వుతూ నోటుపుస్తకం కోసం చేయి చాపింది. ఈ పుస్తకంలో రాత చూస్తే మా పిల్లలకు చూపెట్టాలనిపిస్తదని సావిత్రితో అంది. సావిత్రి తల దించుకుంది.

"చేతులు కాళ్లు మంచిగున్నయా అన్నా?" అని అడిగింది మరియమ్మ, పెన్ను తెరుస్తూ. అందరినీ అడిగే ప్రశ్నే.

"మంచిగనే…"

మాట సగంలో ఆగింది. సావిత్రి అతడివైపు చూడలేదు. గోడ మీద ఉన్న గడియారం వైపు చూస్తూ నిలబడింది. ఉప్పలయ్య పల్లికాయ ఒలుస్తూ, మిగతా సగం కోసం తల ఎత్తాడు.

వెంకట్రాజం సావిత్రి చంకలో ఉన్న జంపఖానాను రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని తీసుకున్నాడు. బల్ల మీద పరిచాడు. ఎర్రటి నేల, తెల్లటి చారలు, నడుమ మామిడిపిందెలు. ఎడమ అంచు మరియమ్మ వైపు ఉండేలా తిప్పాడు.

"సిస్టరమ్మా, నా నోరు మంచిగనే అంటది. నలభై ఏండ్ల సంది దానికి గదే అలవాటు. దాని మాట ఇనకు," అన్నాడు. "గీ అంచు చూడు. ఇక్కడి దాక మంచిగున్నయి. ఇక్కడ చీమలు పాకినయి. ఇగో, ఇక్కడ్నించి నాకు చేతులు లెవ్వు."

మరియమ్మ నవ్వు ఆగిపోయింది. వంకర మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా జరిపింది. లేచి, హ్యాంగర్‌కు ఉన్న తెల్లకోటు తెచ్చి అతడికి తొడిగి, గుండీ పెట్టుకోమంది. అతడు ప్రయత్నించాడు. గుండీ జారింది. మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ జారింది. హాల్లో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. మూడోసారి జారాక ఉప్పలయ్య లేచి వచ్చి, తన వేళ్లకు అంటిన పొట్టు దులుపుకుని, ఆ గుండీ పెట్టాడు.

"తమ్మీ, నీకు అబద్ధం చెప్పిన," అన్నాడు వెంకట్రాజం.

ఉప్పలయ్య గుండీ సరిగ్గా కుదిరిందో లేదో చూశాడు. "నా కంటె ముందుగాల దిగెటోనివి నువ్వే కదన్నా," అన్నాడు. "నువ్వు గుంత ఉన్నదని చెప్పకపోతే నాకెట్ల కానస్తది?"

డాక్టర్ సుకన్య వచ్చి అరగంట సేపు పరీక్షించింది. కళ్లు మూయించి సూదితో తాకింది, దూదితో తాకింది, కంపించే ఇనుప పుల్లను కణుపుల మీద పెట్టింది. కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మాత్రం, మీరు బాగున్నారన్న ఈ ఒక్క పుస్తకం మీద నేను రేపు మూడో మెట్టు తెరిచేదాన్ని అంది. ఆ మాట కోప్పడ్డదానికంటే ఎక్కువగా తగిలింది.

తర్వాత ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. సొంత గుండీ పెట్టుకోలేనంత మొద్దుబారడం ఈ పరీక్షలో పెద్ద ఇబ్బంది కిందికే వస్తుంది. కాబట్టి ఇవాళ్టినుంచి రెండు మందులూ ఆపాలి. రెండు వారాలు చూడాలి. స్పర్శ తిరిగి వస్తే తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టే వీలుంది. రాకపోతే లేదు. పేరు కొట్టేయడం అనేది మాత్రం లేదు, దవాఖాన అతడిని చూస్తూనే ఉంటుంది. మూడో మెట్టు ఇప్పుడు తెరవరు. ముగ్గురిలో ఒకరికి ఇలా అయింది కనుక, ఇదే రెండో మెట్టు మీద ఇంకో ముగ్గురికి ఇచ్చి చూస్తారు. వేళ్ల సంగతి వారం వారం కాదు, రోజూ అడుగుతారు. ఉప్పలయ్య ఇష్టపడితే, కొత్త కాగితాలు మళ్లీ మొదటినుంచి చదివి వినిపించాక, ఆ ముగ్గురిలో ఒకడు.

"నాయినా, నీ పక్క సీటేనా," అన్నాడు ఉప్పలయ్య వెంకట్రాజంతో. హాల్లో ఎవరో నవ్వారు. అతడు మాత్రం నవ్వకుండా, ఇంటికి పోయి యాకమ్మను అడిగి రేపు చెబుతానని డాక్టరుతో అన్నాడు. యాకమ్మ అతడి భార్య. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా ఆమెను అడగాలని అతడికి తోచలేదు.

సావిత్రి నోటుపుస్తకం అడిగి తీసుకుంది. ఎనిమిదో పేజీ నుంచి ఒక్కొక్కటీ తిప్పుతూ, బాగుంది అన్నదాని మీద గీత కొట్టి, పక్కన భర్త చెప్పింది చెప్పినట్టు రాసింది. పైన ఉన్న శ్రీరామను కొట్టలేదు. ఇప్పుడు దాని కింద ఉండాల్సిందే ఉంది.

ఇంతలో లోపలినుంచి ఒకామె తెల్లటి కవరు తెచ్చి డాక్టర్ చేతికి ఇచ్చింది. మొన్న తీసిన స్కాన్ రిపోర్టు. కాలేయంలో ఉన్న మచ్చలు ఈ నెలలో పెరిగాయో, ఆగాయో, తగ్గాయో అందులో ఉంటుంది. మందు ఆపిన రోజునే వచ్చింది. డాక్టర్ దాన్ని అక్కడ విప్పలేదు. ఇద్దరూ లోపలికి రండి, కూర్చుని చూద్దాం అంది.

సావిత్రి కవరు వైపే చూస్తూ ఉండిపోయింది. వెంకట్రాజం కదిలాడు. కాని డాక్టర్ గది వైపు కాదు.

"ఒక్క నిమిషం మేడం. ఒక బాకీ ఉన్నది," అని మరియమ్మ బల్ల దగ్గరికి నడిచాడు. జంపఖానా మడత పెట్టబోతే చేతులు సహకరించలేదు. సావిత్రి వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి నాలుగు మడతలు పెట్టారు.

మరియమ్మకు ఏమీ అర్థం కాలేదు. సావిత్రి చెప్పింది. ఇరవై మూడేళ్ల కింద, పెద్ద దవాఖాన పిల్లల వార్డు, అయిదేళ్ల పిల్ల, ఫిట్స్, చల్లని బండలు. హాస్టల్ మంచం మీది ఆకుపచ్చ చారల జంపఖానా.

మరియమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"అది మీరేనా అక్కా," అంది. "ఆ జంపఖానా మా అమ్మది. పోగొట్టిన్నని హాస్టల్ వార్డెన్ నెల దినాలు నన్ను దొంగను చూసినట్టు చూసింది. అసలు దొంగలు ఇయ్యాల దొరికిండ్రు." అని, నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది. "పిల్ల ఎట్లున్నది?"

"టీచరమ్మ అయింది," అంది సావిత్రి. "మంచిగనే ఉన్నది. గిది మాత్రం నిజం."

వెంకట్రాజం మడత పెట్టిన జంపఖానా చాపాడు. మంచిది నేసి ఇద్దామని ఆగి ఆగి ఇన్నేండ్లు చేసినమనీ, తీరా నేస్తే అంచు గిట్ల వచ్చిందనీ, చేతులు వస్తే ఇంకోటి నేస్తాననీ అన్నాడు. అంతవరకు దీన్ని పెట్టుకొమ్మన్నాడు.

"ఇంకోటి వద్దన్నా. గిదే కావాలె," అంది మరియమ్మ. వంకరపోయిన అంచు పైకి వచ్చేలా తిప్పి, రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుంది. "బాకీ ముట్టింది. ఇగ పోండ్రి, మేడం కవరు పట్టుకొని మీ కోసమే చూస్తాంది."